వంకాయ మడికి కట్టిన గుడ్డ

యాత్ర అంటే మా తెనాలి వాళ్ళ లెక్కలో తిరుపతి, కాకపోతే కాశీ. అద్దంకి అవతల ఒక పల్లెటూరి బడిలో కూరగాయల మళ్ళు చూడటానికి బయల్దేరుతున్నానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. పక్కింటాయన అయితే అక్కడ నాకేదో పొలం ఉందని, దాన్ని అమ్మడానికే వెళ్తున్నానని తేల్చేశాడు. ఉన్నది పొలం కాదు, మా చెల్లెలి కూతురు విజయ. వాగొడ్డుపాలెంలో ఏడో తరగతి దాకా ఉన్న బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. జూన్‌లో బడి తెరవగానే, పిల్లల చేత తోట వేయిస్తున్నాను, విత్తనాలు పంపించండి అని రాసింది. మా ఇంటావిడ పెరట్లో ఏటేటా దాచే పొడుగు నల్లవంకాయ, పొట్టిబీర, చెట్టుచిక్కుడు విత్తనాలు గుడ్డసంచుల్లో మూటకట్టి పార్సెలు చేశాం. వినాయక చవితి వెళ్ళాక మళ్ళీ ఉత్తరం వచ్చింది. అన్నీ కాస్తున్నాయి, శనివారం పిల్లలతో కలిసి భోజనానికి రమ్మని.

వెళ్ళి వచ్చాను. చిన్నప్పటి నుంచీ ఏ రోజుది ఆ రోజు రాసుకునే అలవాటు కనుక ఆ పేజీలు ముందు పెట్టుకుని, ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బస్సుల వేళలు వదిలేశాను. అవి నేను రాసినా అలా నడవవు.

గుంటూరు

గుంటూరులో దిగి మిరప బజారు మీదుగా నడిచాను. అది మిరపకాయల సీజను కాదు. అయినా గోదాముల తలుపులు తెరిచిన చోటల్లా ఘాటు ముక్కులోకి దూరింది. నేను తుమ్మడం మొదలుపెడితే ఆగలేదు. బస్తాల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న ఒక హమాలీ నన్ను చూసి నవ్వాడు. ఏ ఊరని అడిగాడు. తెనాలి అన్నాను. "కాలవ నీళ్ళ వాళ్ళకి అంతేనండి. మాకు ఈ గాలి లేకపోతే అన్నం సయించదు," అన్నాడు.

బస్టాండు ఎదురుగా బండి మీద మిరపకాయ బజ్జీలు తిన్నాను. మా వైపు బజ్జీలో వాము పెడతారు. ఇక్కడ చింతపండు గుజ్జు పెట్టి, పైన మళ్ళీ కారం చల్లి ఇచ్చారు. నాలుగు తిన్నాక టీ తాగాల్సి వచ్చింది. టీ అర్ధరూపాయి.

చిలకలూరిపేటలో తలనొప్పి

ఆ బజ్జీల వల్లో, ఎండ వల్లో చిలకలూరిపేట చేరేసరికి తల పగిలిపోతోంది. రోడ్డు మీద ఒక కుర్రాడిని మందుల షాపు ఎక్కడని అడిగాను. "ఎక్కడేంటండీ, ఈ వీధంతా అవే," అని చేయి ఊపాడు. నిజంగానే వీధంతా మందుల బోర్డులే. మొదటి కొట్టు ఎక్కి, ఒక మంచి మాత్ర ఇవ్వమని అడగబోతుంటే, యజమాని నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఏ పంటండీ?"

తలనొప్పి అన్నాను. ఆయన అప్పుడు తలెత్తాడు. గోడ నిండా డబ్బాలు, సీసాలు. వాటి మీద పచ్చపురుగు బొమ్మలు, కొన్నిటి మీద పుర్రె బొమ్మ. కొట్టులో ఉన్న ముగ్గురు రైతులూ కడుపుబ్బ నవ్వారు. వాళ్ళలో ఒకాయన నన్ను చేయి పట్టుకుని మూడు వీధుల అవతల మనుషుల మందుల షాపు దాకా దిగబెట్టి వెళ్ళాడు. దారిలో, ఈ ఏడు తెల్లదోమ తన పత్తిని పట్టుకుందని, వారానికోసారి మందు కొడుతున్నానని, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అన్నిసార్లు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళం అని చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. మా తెనాలిలో మందు అంటే మాత్రో సీసాయో. ఇక్కడ మనిషికి కావలసిన మందు అడగాలంటే మనిషికి అని విడిగా చెప్పుకోవాలి.

నల్లరేగడి మీద

మార్టూరు దాటాక రోడ్డుకి రెండు వైపులా పత్తి. మోకాలెత్తు పెరిగి పూతకి వచ్చింది. మధ్య మధ్య దున్ని సిద్ధం చేసిన నల్లటి చేలు. మిరప నారు నాటడానికి ఉంచారట. బస్సులో నా పక్కన కూర్చున్న ఒక నడివయసు రైతమ్మ ఒళ్ళో పెద్ద సంచి. అందులో వంకాయలు, బెండకాయలు. సంతకి అమ్మడానికి తీసుకెళ్తోందేమో అనుకుని అడిగాను. కాదట, పేటలో కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్తోంది. వాళ్ళకి ఆరెకరాల పొలం ఉంది.

"మిరప వేసుకునే చోట వంకాయ వేసుకుంటామా బాబాయ్ గారూ?" అని నన్నే ఎదురు అడిగింది.

 మా వైపు అరసెంటు పెరడున్నా దానిమీద బీరపాదు పాకాల్సిందే. ఇక్కడ గుమ్మం దాకా పత్తి వచ్చేసింది.

వాగొడ్డుపాలెం రెండు మైళ్ళుందనగా వాన పడి బస్సు రోడ్డు దిగింది. అందరం దిగి నడిచాం. నల్లరేగడిలో నడవడం నాకు కొత్త. అడుగు వేసినప్పుడల్లా మట్టి చెప్పుకి అంటుకుని చెప్పు బరువెక్కుతూ వచ్చింది. చివరికి ఎడమకాలి చెప్పు ఆ మట్టిలోనే ఉండిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. విజయ గుమ్మం ముందు ఒంటి చెప్పుతో నిలబడ్డాను. "అదేంటి మావయ్యా, ఒకటే తెచ్చుకున్నారా?" అంది.

బడి తోట

మర్నాడు శుక్రవారం, విజయ నాకు తోట చూపించింది.

బడి గోడని ఆనుకుని పావు ఎకరం చెక్క అది. మస్తాన్ అనే రైతుది. ఆయన తాత, ముత్తాత ఆ ఊళ్ళోనే పుట్టారు. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆయన్ని మావా అంటారు. ఆయన మిగతా చేను అంతా ఈ చెక్క గట్టు అవతలే మొదలవుతుంది. జూన్‌లో విజయ వెళ్ళి అడిగితే, మిరప నారు నాటేదాకా వాడుకోమని ఇచ్చాడు. ఇప్పుడు నారు ఎదిగింది. గట్టు అవతల చేను దున్నడమూ అయింది. ఈ చెక్కని కూడా అందులో కలిపేయమని ఇంట్లో వాళ్ళు ఆయన్ని పోరుతున్నారు. శనివారం పిల్లలతో కలిసి భోజనం చేయడానికి ఒప్పుకున్నాడు. తోట చూసి, తిని, అప్పుడు చెబుతానన్నాడు.

పోతే ఏమవుతుందని నేను అడగలేదు, విజయే చెప్పింది. ఆమె ఈ ఊరు వచ్చిన కొత్తలో పిల్లల అన్నం గిన్నెలు తెరిపించి చూసిందట. అన్నం, పచ్చిమిరపకాయల పచ్చడి. లేకపోతే అన్నం, కారం, నూనె. సగం మందికి మూతి చివర పుళ్ళు. ఇద్దరు పిల్లలు దీపాలు పెట్టే వేళకి గోడ పట్టుకుని నడుస్తున్నారు. రేచీకటి అని, ఆకుకూరలు తినిపించమని అద్దంకి డాక్టరు చెప్పాడు. ఆకుకూరలు కొనే అలవాటు ఊళ్ళో లేదు. అందుకే ఈ తోట. తోటకూర, గోంగూర, మునగ, ఇంకా మా ఇంటి విత్తనాలు.

తరగతికి ఒక మడి. ఆరో తరగతి వాళ్ళది బీర. పందిరి వంకరగా ఉంది కానీ కాయలు నిండుగా వేలాడుతున్నాయి. గట్టు పక్కనే ఏడో తరగతి వాళ్ళ వంగ మడి. మా ఇంటి వంకాయ అక్కడ చూస్తే ఎవరో చుట్టం ఎదురైనట్టు అనిపించింది. కోటేశ్వరి అనే అమ్మాయి ఆ మడికి పెద్ద. రెండు జడలు, గట్టి గొంతు. నాకు ఒక్కో చెట్టూ చూపిస్తూ, కాయ తిప్పి పుచ్చు కనబడగానే చటుక్కున ఆకు కింద దాచేసింది. పుచ్చులు చాలానే ఉన్నాయి.

ఒక కుర్రాడు, "దాచినా చూశాడే తాతయ్య," అన్నాడు.

"నీ బీరపందిరి నువ్వు చూసుకోరా వంకరోడా," అంది కోటేశ్వరి.

ఈ తోటకి ఒకే కట్టుబాటు ఉంది. మందు కొట్టకూడదు. బడి గోడ మీద సుద్దతో రాశారు: మందు లేని తోట. వేపగింజల కషాయం, బూడిద మాత్రమే చల్లుతారు. పురుగుల్ని చేత్తో ఏరి కోళ్ళకి వేస్తారు. ఊళ్ళో పెద్దవాళ్ళు దీన్ని చూసి నవ్వుతున్నారని, మందు లేకుండా వంకాయ కాస్తే చెవి కోయించుకుంటానని ఒకాయన రచ్చబండ దగ్గర అన్నాడని విజయ చెప్పింది. చెవి ఎప్పుడు కోయాలో అడిగి రమ్మని పిల్లలు రోజూ ఆమెని వేధిస్తున్నారట.

శనివారం పొద్దున

పొద్దున్నే మొహం కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. వంగ మడి మూలన ఒక కర్ర పాతి ఉంది. దాని చివర ఒక ఎర్రగళ్ళ గుడ్డపేలిక. క్రితం రోజు అది లేదు. భోజనానికి జనం వస్తున్నారు కదా, పిల్లలు దిష్టి తగలకుండా కట్టారనుకుని మురిసిపోయాను. బుట్టలు పట్టుకుని కాయలు కోయడానికి పిల్లలు వచ్చినప్పుడు ఆ మాటే అన్నాను కూడా.

ఎవరూ నవ్వలేదు. బీరపందిరి కుర్రాడు నెమ్మదిగా చెప్పాడు. "అది దిష్టిది కాదు తాతయ్యా. మందు కొట్టిన చేనుకి కడతారు. మేకల్ని తోలొద్దని."

ఆ ఊళ్ళో అది అందరికీ తెలిసిన పద్ధతట. మందు కొట్టినవాడు పంపు దించగానే ముందు చేసే పని గట్టు మీద గుడ్డ కట్టడం. అది కట్టకుండా ఇంటికి పోతే, ఎవరి గొడ్డు చచ్చినా వాడిదే పాపం. పత్తి రైతుల పిల్లలకి నడక వచ్చేసరికి ఆ గుర్తూ వస్తుంది.

విజయ వచ్చింది. గుడ్డని చూసింది. ఎవరు కట్టారని అడిగింది.  కోటేశ్వరి బుట్ట కింద పెట్టింది.

"నేనేనండి టీచర్."

విజయ దగ్గరికి వెళ్ళింది. కొడుతుందేమో అనుకున్నాను.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానండి."

"దేంతో?"

"మట్టితో."

"సబ్బు పెట్టి తలంటుకుని రా. ఆ గౌను వేరేగా నానబెట్టు. తరవాత మాట్లాడదాం."

తల తడితో ఆ పిల్ల తిరిగొచ్చాక సంగతంతా తెలిసింది. నిన్న సాయంత్రం ఇంట్లో సీసాలోంచి మూతడు మందు తెచ్చి, బకెట్టు నీళ్ళలో కలిపి, వేపమండ ముంచి మడంతా చల్లింది. కాయల మీద పుచ్చు చూస్తే మస్తాన్ మావ తోట తీసేసుకుంటాడని భయం. చల్లడం అయ్యాక గుడ్డ కట్టకుండా కదల్లేకపోయింది. దొంగతనంగా చేసిన పనికి జెండా కట్టుకుంది.

విజయకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "చూడ్డానికి బాగుంటాయని కొట్టావు, తినకుండా గుడ్డ కట్టావు. ఆయన వచ్చేది తినడానికే కదే!"

అప్పుడు పిల్లల మధ్య పెద్ద చర్చ జరిగింది. గుడ్డ పీకేసి, వంకాయలు ఇంకా ముదరలేదని మస్తాన్‌కి చెబుదామన్నారు కొందరు. వండొద్దు, చెప్పొద్దు అని వాళ్ళ వాదన. ఆరో తరగతి వాళ్ళు దానికే మొగ్గారు.  నేను మాట్లాడబోతే విజయ చేత్తో ఆపింది. చివరికి కోటేశ్వరే అంది. "గుడ్డ తియ్యొద్దు. తీస్తే రేపెవరైనా కోసుకుంటారు. మావతో నేను చెప్తా."

పంక్తి

వంకాయ లేని వంట సిద్ధమైంది. వంగ మడికి దూరంగా, బడి గోడ వైపు ఉన్న మళ్ళలోవే కోశారు. గోంగూర పప్పు, బీరకాయ పచ్చడి, చిక్కుడుకాయ కూర, తోటకూర పులుసు. వంట ఇద్దరు తల్లులు చేశారు కానీ, తరగడం, కడగడం, విస్తళ్ళు వేయడం అన్నీ పిల్లలే. వరండాలో రెండు వరసలు.

మస్తాన్ లుంగీ మీద తెల్ల చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలుతో వచ్చాడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. నాకు నమస్కారం పెట్టి, నేరుగా తోటలోకి నడిచాడు. చిక్కుడు చూశాడు, పందిరి చూసి పెదవి విరిచాడు. వంగ మడి మూలకి వచ్చి ఆగిపోయాడు.

"ఈ గుడ్డ ఎవరు కట్టారు?"

"నేనే మావా. నిన్న మందు కొట్టా." కోటేశ్వరి గొంతు ఎప్పటిలా గట్టిగా లేదు.

"మందు లేని తోట అని గోడ మీద రాశారుగా?"

"రాశాం. నేను కొట్టా."

"దేనికి?"

"పుచ్చులు చూస్తే నువ్వు చెక్క లాక్కుంటావని."

పిల్లలందరూ వరండా అంచున నిలబడి వింటున్నారు. మస్తాన్ ఒక వంకాయని వంగి చూశాడు కానీ ముట్టుకోలేదు.

"గుడ్డ కట్టకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"నువ్వు తినేవాడివిగా మావా," అంది ఆ పిల్ల.

 ఆయన వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పంక్తిలో పిల్లల మధ్య కూర్చున్నాడు. గోంగూర పప్పు మళ్ళీ వేయించుకున్నాడు. తోటకూర తినని ఒక చిన్నపిల్లకి, తింటే చీకట్లో పిల్లిని చూడొచ్చని చెప్పి తినిపించాడు. లేచేటప్పుడు విజయతో, "నారు ముదిరిపోతోంది టీచరుగారూ. ఆలోచించి చెబుతా," అన్నాడంతే.

ఆ సాయంత్రం విజయ అన్నం తినలేదు. తోట పోయినా పిల్లలు అబద్ధం ఆడలేదు కదా అన్నాను. "అది సంతోషమే మావయ్యా. కానీ ఆ ఇద్దరు పిల్లల కళ్ళకి ఆకుకూర కావాలి, సత్యం కాదు," అంది.  పడుకోబోయే ముందు డైరీలో మా చెల్లెలి కూతురు అని రాయాల్సిన చోట మా అమ్మాయి అని రాశానని తరవాత చూసుకున్నాను. కొట్టేయలేదు.

వెళ్ళని కొత్తపట్నం

ఆదివారం ఒంగోలు మీదుగా కొత్తపట్నం వెళ్ళి సముద్రం చూడాలని ఇంటి దగ్గరే అనుకున్నాను. వెళ్ళలేదు. మస్తాన్ ఏం చెబుతాడో తెలియకుండా ఊరు కదలాలనిపించలేదు.

సెలవు రోజైనా ఏడో తరగతి పిల్లలంతా వచ్చారు. చేతులకి గుడ్డలు చుట్టుకుని, విజయ చెప్పినట్టు వంగచెట్లన్నీ కాయలతో సహా పీకి, బడి వెనక లోతుగా తీసిన గోతిలో పూడ్చారు. మా ఇంటి వంకాయ ఒక్కటి కూడా నా నోటికి రాలేదు. మడి ఖాళీ అయ్యాక అక్కడ నల్లమట్టి మాత్రం మిగిలింది. ఏమీ లేని మడి చూస్తే మస్తాన్‌కి చెక్క తీసుకోవడం ఇంకా తేలిక అవుతుందని నాకు అనిపించింది. వాళ్ళకీ అనిపించే ఉంటుంది.  ఇంటికి వెళ్ళగానే మళ్ళీ విత్తనాలు పంపుతానని కోటేశ్వరికి చెప్పాను. ఎక్కడ వేస్తామని అడుగుతుందేమో అని భయపడ్డాను. అడగలేదు. ఈసారి కాస్త ఎక్కువ పంపమంది.

సోమవారం

బస్సుకి బయల్దేరుతూ, కొత్త చెప్పులు వేసుకుని, సంచి భుజాన వేసుకుని బడి దగ్గరికి వచ్చాను. బడి ఇంకా మొదలవలేదు. గట్టు మీద మస్తాన్ అరక కట్టి నిలబడి ఉన్నాడు. ఎడ్లు మొహాలు ఇటు తిప్పి ఉన్నాయి. పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి, సంచులు దించకుండా వరసగా నిలబడిపోతున్నారు. విజయ గేటు దగ్గర ఆగిపోయింది.

మస్తాన్ కోటేశ్వరిని పిలిచాడు.

"ఎక్కడిదాకా దున్నమంటావు?"

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. అప్పుడు మెల్లగా నడిచి వెళ్ళి, వంగ మడి ఇవతల అంచున, మునగ మొదలయ్యే చోట నిలబడింది. ఎడ్లని ఆమె దాకా తోలి తిప్పాడు. మడి అంతా దున్నడం అయింది. ఆయన ఆగలేదు. గట్టు దాటించి, తన చేనులో మిరపకి సిద్ధం చేసుకున్న భాగంలో నాలుగు సాళ్ళు దున్నాడు.

"మావా, అది నీ చేను," అంది కోటేశ్వరి.

"తెలుసులే. రేపు నేను మిరపకి మందు కొడితే గాలికి మీ మడి మీదికే వస్తుంది. ఇక్కడిదాకా జొన్న చల్లుకోండి, అడ్డం ఉంటుంది." పిల్లల వైపు తిరిగాడు. "ఏరా, చూస్తారేంటి? ఆ రాయి తీసుకురండి."

చెక్కనీ చేనునీ విడదీస్తూ గట్టు చివర ఒక హద్దురాయి ఉంది. ముప్పై ఏళ్ళు సర్వే శాఖలో పని చేశాను. హద్దురాయి జానెడు జరిగిందని అన్నదమ్ములు కోర్టులకెక్కడం, తలలు పగలగొట్టుకోవడం చూశాను. యజమాని నిలబడి, తన చేనులోకి జరపమని చెప్పడం ఎక్కడా చూడలేదు. సంచి కింద పెట్టి నేనూ ఒక చేయి వేయబోయాను. పిల్లలు నన్ను రానివ్వలేదు.

బీరపందిరి కుర్రాడు, ఇంకో ఇద్దరు రాయిని పెకలించారు. మోయలేక దొర్లించారు. కోటేశ్వరి నాలుగో సాలు అవతల మడమతో గుంట చేసి, "ఇక్కడ," అంది.

మస్తాన్ వచ్చి చూశాడు. "వంకర పెట్టకండిరా," అన్నాడు. రాయిని తన కాలితో నొక్కి నిలబెట్టాడు.